పెప్పర్ అనే మాట – పరదేశి కాయ



మొన్న సండే స్కూల్ అయ్యాక ఒక పాప అడిగింది: “అయ్యగారూ, ఇంగ్లీషులో పెప్పర్ అంటే మిరియాలు కదా, మరి మిరపకాయను రెడ్ పెప్పర్ అని ఎందుకంటారు?” జవాబు వెతికితే పెద్ద కథే దొరికింది.

పెప్పర్ అనే మాట పుట్టిల్లు మన దేశమే. దగ్గు వస్తే మన పెద్దవాళ్లు పిప్పళ్లు నూరి ఇచ్చేవాళ్లు. సంస్కృతంలో దాని పేరు పిప్పలి. సరుకుతో పాటే పేరూ ఓడ ఎక్కింది. గ్రీకులు పెపెరి అన్నారు, రోమీయులు పిపెర్ అన్నారు, ఇంగ్లీషువారి దగ్గరకు చేరేసరికి పెప్పర్ అయింది. దారిలో పిప్పళ్ల పేరు మిరియాలకు అంటుకుంది.

1492లో కొలంబస్ మన దేశపు సరుకుల కోసం బయలుదేరి, కరీబియన్ దీవులకు చేరాడు. అక్కడ మిరియం లేదు, నోరు మండించే కాయ ఉంది. దానికి అక్కడివాళ్ల పేరు వేరే ఉన్నా, యూరప్‌వాళ్లు దాన్నీ మిరియాల లెక్కలోనే వేసి పెప్పర్ అన్నారు. చిల్లీ అన్న మాట మాత్రం మెక్సికోలోని నవాత్ల్ భాషది.

16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఆ కాయ మన దేశంలో దిగింది. అంతవరకు మన వంటల్లో కారమంటే మిరియాలూ పిప్పళ్లే. మనవాళ్లూ కొత్త కాయకు పాత పేరే పెట్టారు. మిరియం పేరు మీదే మిరపకాయ అన్నాం. తమిళులకు మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ.

ఇవాళ కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయను చూసి ఇది పరాయిదని ఎవరైనా అంటారా? గుంటూరు పేరు చెబితే ముందు మిర్చి యార్డే గుర్తొస్తుంది. వలస వచ్చిన కాయ మన ఊరి పేరే నిలబెట్టింది.

అయితే ఆ కాయ కోయడానికి వలస వచ్చే మనుషుల సంగతి? ఏటా కోతల కాలంలో కర్నూలు వైపు నుండి కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి, పొలాల దగ్గర పట్టాలు కప్పుకుని ఉంటాయి. మనం వాళ్లను “కర్నూలోళ్లు” అంటామే గాని ఒక్కరి పేరూ తెలియదు. నిరుడు ఒక కుటుంబం మూడు ఆదివారాలు మన మందిరం బయట వేపచెట్టు కింద కూర్చుని వాక్యం విని వెళ్లిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. కాపరినైన నేనూ అనలేదు. పేరైనా అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను గద్దిస్తూనే ఉంది.

లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు, పరదేశిని మీలో పుట్టినవానిలాగే ప్రేమించమని చెప్పి, ఐగుప్తులో వారూ పరదేశులేనని గుర్తుచేశాడు. ఓడ దిగిన కాయకు వంటింట్లో పెద్దపీట వేశాం. బండి దిగిన మనిషికి మందిరంలో చాప వేయలేమా?

ఈసారి కోతలకు వచ్చినవారిని మొదట పేరు అడుగుదాం. ఆ పేరుతోనే లోపలికి పిలుద్దాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.