హ్యాండిల్ పోయింది, బ్యాటరీ ఒక్కటే మిగిలింది

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది కారు బ్యాటరీ చరిత్ర. "బ్యాటరీకి కూడా చరిత్రేంటి బాబూ" అనకండి. ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను, ఎందుకు చదివానో మీకే అర్థమవుతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను మా ఊళ్ళో, వీరులపాడులో ఉన్న రోజులవి. మే నెల. ఒక రాత్రి ఒంటిగంటకి నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది. నందిగామ తీసుకెళ్ళాలి. కారులో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టాను. టక్ టక్ టక్... అంతే. లైట్లు మిణుకుమని ఆరిపోయాయి. చుట్టుపక్కల వాళ్ళు నలుగురు వచ్చి తోస్తామన్నారు. నాది ఆటోమేటిక్ కారండి, తోస్తే స్టార్ట్ అవదు. మా నాన్న నావైపు చూసి ఒకటే అన్నారు: "అంబాసిడర్‌కి హ్యాండిల్ అయినా ఉండేదిరా."

ఎదురింటి బాబాయి ఆటో తీశాడు. గండం గడిచింది. కానీ ఆ ఇరవై నిమిషాలు, నాన్న అన్న ఆ మాట నన్ను వదల్లేదు. ఆ హ్యాండిల్ ఏమైపోయింది? అక్కడి నుంచి మొదలుపెడదాం.

మొదట్లో కారు ఇంజన్‌ని చేత్తో తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు. ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి బలంగా తిప్పాలి. ఒక్కోసారి ఇంజన్ వెనక్కి తన్నేది, మణికట్టు విరిగేది. ఎంతమందికి విరిగిందంటే, అలాంటి ఫ్రాక్చర్‌కి డాక్టర్లు డ్రైవర్ల పేరే పెట్టారు.

దీనికి మందు కనిపెట్టినవాడు అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీర్. అంతకుముందు ఆయన షాపుల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కి కరెంట్ మోటారు బిగించాడు. డబ్బుల డ్రాయర్ తెరవడానికి మోటారు ఒక్క క్షణం తిరిగితే చాలు కదా! క్షణం పాటే అయితే చిన్న మోటారు మీద కూడా పెద్ద భారం వేయొచ్చు. అదే ఆలోచనని కారు ఇంజన్‌కి వాడాడు. 1912 మోడల్ క్యాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఇంజన్ తిరగడం మొదలయ్యాక ఆ మెషీనే జనరేటర్‌గా మారి బ్యాటరీని మళ్ళీ నింపేది.

అందులో ఆయన వాడిన బ్యాటరీ మాత్రం కొత్తది కాదు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం రేకుల్ని గంధకామ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకోగల మొదటి బ్యాటరీ చేశాడు. 1881లో కామిల్ ఫోర్ రేకుల మీద సీసం పేస్టు పూసి దాని సత్తా పెంచాడు. ఇవాళ మన కార్లో ఉన్నది కూడా ఆ సీసం, ఆ యాసిడే. ఆరు గదులు, గదికి సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6.

మన దగ్గర పాత అంబాసిడర్లకి, జీపులకి సెల్ఫ్ ఉన్నా హ్యాండిల్ కూడా ఇచ్చేవారు. బ్యాటరీ దిగిపోతే చెయ్యి ఉంది. తర్వాత హ్యాండిల్ పోయింది, తోయడం మిగిలింది. ఆటోమేటిక్ వచ్చాక అదీ పోయింది. మొత్తం భారం ఆ డబ్బా మీదే పడింది.

ఇంకో మార్పు కూడా జరిగింది. పాత బ్యాటరీలకి పైన మూతలుండేవి. ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి నీళ్ళు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఎగిరిపోయేవి కాబట్టి, వారానికో నెలకో మూత తీసి చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిందే. అమెరికాలో 1970లలో రేకుల్లో యాంటిమొనీ బదులు కాల్షియం కలపడం పెరిగింది, నీళ్ళు ఎగిరిపోవడం బాగా తగ్గింది. మూతలు తీసే పని పోయింది.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో అమరరాజా సంస్థ పెట్టారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకి, రైల్వేలకి సీల్డ్ బ్యాటరీలు చేశారు. తర్వాత జాన్సన్ కంట్రోల్స్‌తో కలిసి 2000లో అమరాన్ కారు బ్యాటరీ తెచ్చారు. అలా నీళ్ళు పోయక్కర్లేని బ్యాటరీ మన ఊళ్ళ దాకా వచ్చింది. మంచిదే. కాకపోతే 'మెయింటెనెన్స్ ఫ్రీ' అంటే నీళ్ళు పోయక్కర్లేదని అర్థం. నాలాంటివాళ్ళం 'అసలు చూడక్కర్లేదు' అని చదువుకున్నాం. తప్పు అక్కడ జరిగింది.

నేను ప్రతి ఆదివారం కారు ఐదు నిమిషాలు ఆన్ చేసి పెట్టేవాణ్ణి, ఇంకేం కావాలి అనుకున్నా. లెక్క చూడండి. కారు ఆపి ఉన్నా లాకులు, అలారం, కంప్యూటర్ కొంచెం కరెంట్ లాగుతూనే ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. వారానికి 168 గంటలు, అంటే 5 ఆంపియర్ అవర్లు పోయినట్టు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేది ఒకటి కూడా ఉండదు. నా బ్యాటరీ 35, అదీ కొత్తగా ఉన్నప్పటి మాట. ఆరు ఆదివారాల్లో అప్పు కొండెక్కింది. అలా దిగిపోయి ఉన్న బ్యాటరీ రేకుల మీద సీసం సల్ఫేట్ గట్టిపడుతుంది, మళ్ళీ పూర్తిగా ఛార్జ్ ఎక్కదు. దానికి తోడు ఎండ. నందిగామ వైపు వేసవి మీకు చెప్పక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ లోపలి రేకులు త్వరగా తినేస్తాయి, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. వారానికోసారి అరగంటకి తక్కువ కాకుండా రోడ్డు మీద నడపండి. నెలల తరబడి ఆపేస్తే ముందుగా నెగటివ్ వైరు ఊడదీయండి. మల్టీమీటర్‌తో చూడండి: కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దిగితే ఛార్జ్ పెట్టండి, 12.0కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి పడితే తుడిచి బిగించండి. మూతలున్న బ్యాటరీ అయితే గుర్తు దాకా డిస్టిల్డ్ వాటరే పోయండి. యాసిడ్ వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, హైడ్రోజన్ ఉంటుంది. మూడేళ్ళు దాటితే వేసవికి ముందే టెస్ట్ చేయించండి.

నేను కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు ప్రతి ఆదివారం నాయనమ్మని ఎక్కించుకుని నందిగామ దాకా వెళ్ళొస్తున్నాం. ముందు సీటు ఆవిడదే. నాన్నకి మాత్రం ఇంకా నమ్మకం కుదర్లేదు, బయల్దేరే ముందు బాబాయి ఆటో ఇంటి దగ్గరుందా లేదా అని ఒకసారి తొంగి చూస్తారు.

మీ ఇంట్లో హ్యాండిల్ తిప్పిన పెద్దవాళ్ళుంటే ఆ కబుర్లు రాయించి పంపండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.