రెంటచింతల ఎండ, మూడు మందుల బిళ్ళ

రేడియోలో వాతావరణ వార్తలు వినే అలవాటున్నవారికి రెంటచింతలను పరిచయం చేయనవసరం లేదు. ఎండాకాలంలో మా పల్నాటి ఊరికి దక్కిన ఏకైక కీర్తి అది. ఆ ఎండలు ముదరగానే మా తాతయ్య రక్తపోటు బిళ్ళ మానేసేవారు. "లేస్తే కళ్ళు తిరుగుతున్నాయిరా, వానలు పడ్డాక చూద్దాం" అనేవారు. అది మూడు మందులు కలిపిన బిళ్ళ. దాని పూర్వోత్తరాలు వెదకబోయి నేను చరిత్రలో పడ్డాను.

కథ మన సర్పగంధతోనే మొదలవుతుంది. దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాసిన తరువాత గాని పాశ్చాత్యులు దానివైపు చూడలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరునుండి రిసర్పిన్‌ను వేరుచేశారు.

అయినా రక్తపోటును తగ్గిస్తే మనిషికి నిజంగా మేలా అన్న సందేహం చాలాకాలం మిగిలింది. దానిని తీర్చినది 1967లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరీక్ష. కింది అంకె 115 నుండి 129 వరకు ఉన్న 143 మంది పురుషులు అందులో ఉన్నారు. ఉత్తుత్తి బిళ్ళ మింగిన 70 మందిలో 27 తీవ్ర ప్రమాదాలు సంభవించగా, మందు పుచ్చుకొన్న 73 మందిలో రెండే! ఆ మందు ఒకటి కాదు, మూడు: రిసర్పిన్, హైడ్రలజిన్, హైడ్రోక్లోరోథయజైడ్. తాతయ్య బిళ్ళలోనివీ దాదాపు ఇవే.

విచిత్రమేమంటే, ఆ తరువాత వైద్యులు ఒంటి మందువైపు మళ్ళారు. 1977 నాటి అమెరికా సూచనలు ఒకదానితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచమన్నాయి. ఏ మందు పడలేదో తెలుస్తుంది కదా, అందులో న్యాయముంది. కాని శరీరం గడుసుది. ఒక దారి మూస్తే మరో దారిన రక్తపోటును లేపుతుంది. ఒకే మందును రెట్టింపు చేయడం కన్న మరో జాతి మందును జోడిస్తే సుమారు 5 రెట్లు అదనంగా తగ్గుతుందని 2009లో 42 పరీక్షలను కలిపి లెక్కగట్టారు. 2018లో ఐరోపా వైద్యులు చాలామందికి మొదటినుండే రెండు మందుల బిళ్ళ ఇవ్వమన్నారు. 2024లో మన దేశంలో 1,981 మందిపై మూడు రకాల జంటలను పోల్చగా మూడూ సమానంగానే పనిచేశాయి.

మరి తాతయ్య కళ్ళు తిరగడం? థయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపుతుంది. మా ఎండ చెమటలో పంపుతుంది. విడి బిళ్ళలైతే వేసవిలో ఆ ఒక్కదాన్నీ వైద్యుడు తగ్గించి ఉండేవాడేమో. కలిపిన బిళ్ళలో మింగితే మూడూ, మానితే మూడూ. అలాగని పూటకు మూడు బిళ్ళలిస్తే ఆయన మింగేవారని నేను ప్రమాణం చేయలేను.

వేసవిలో మానేస్తున్న సంగతి ఆయన వైద్యునికి చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఒక యేడు తొలకరి పడకముందే ఆయన ఎడమ చేయి పడిపోయింది.