పసరు మందు, పథ్యం, ఒక మద్రాసు పరీక్ష

షోళింగనల్లూరులో మనవాళ్ళకెవరికైనా పచ్చకామెర్లు వస్తే మేము మొదట వినే సలహా నేల ఉసిరి పసరు. తమిళులకు అది కీళానెల్లి. ఆ మొక్కకు శాస్త్రీయ పరీక్ష జరిగిందీ మన మద్రాసులోనే. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్, హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టిన నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ తదితరులు 1988లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నెల రోజులు మందు తిన్న 37 మంది వైరస్ వాహకుల్లో 22 మందికి రక్తంలో దాని ఆనవాలు కనబడలేదు. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. గొప్ప సంచలనం! తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం నిలబడలేదు.

మరి మా తాతకు తగ్గిందే అంటారు. తగ్గే ఉంటుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. అయితే ఇ రకం గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, మద్యంతో, కొన్ని మాత్రలతో కాలేయం చెడినా కళ్ళు పచ్చబడతాయి. అక్కడ పసరుతో కాలయాపన ప్రమాదం.

ఉప్పూ నూనే మాన్పించే చప్పిడి పథ్యం మనిషిని ఇంకా నీరసపరుస్తుంది. ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగ, పండ్లు, ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టండి. మద్యం వద్దు. మగతగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.