చిన్నజాతి కుక్కలు: మంద కాపలా నుంచి మనిషి ఒడి దాకా

వేటకో కాపలాకో కాకుండా, మనిషికి తోడుగా ఉండడానికే తరతరాలుగా మలిచిన పొట్టి కుక్కలను టాయ్ జాతులు అంటారు. పొమేరియన్, పెకినీస్, మాల్టీస్, చివావా, పగ్ వీటిలో ముఖ్యమైనవి. పొమేరియన్, చివావా సాధారణంగా మూడు కిలోల దాకానే తూగుతాయి. పగ్ మాత్రం ఆరు నుంచి ఎనిమిది కిలోల దాకా ఉంటుంది.

తెలంగాణలో వికారాబాద్, తాండూరు మధ్యనున్న ధారూర్ ప్రాంతం మెట్ట పంటలకు, గొర్రెల మందలకు పేరుపడ్డది. ఇలాంటి తోడుకుక్కలా కాకుండా, ఇక్కడి ఊరకుక్కకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. గొల్ల కురుమల మంద వెంట నడవడం, రాత్రి దొడ్డికి కాపలా ఉండడం, చేనులో అడవి పందిని అదిలించడం దాని బతుకు. వాళ్లు కొలిచే మల్లన్న పటాల్లో దేవుని గుర్రం పక్కన కుక్క కనిపించడం ఈ బంధానికి గుర్తు. అయితే దాని చోటు వాకిలే, ఇంటి లోపల కాదు.

ఒడికుక్క చరిత్ర వేరే చోట మొదలైంది. మాల్టీస్ వంటి చిన్న కుక్కలను ప్రాచీన గ్రీకులు, రోమన్లు ఇళ్లలో పెంచుకున్నారు. పెకినీస్ చైనా రాజప్రాసాదాల్లో పెరిగింది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు బీజింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు దొరికిన ఒక పెకినీస్ విక్టోరియా రాణికి చేరింది. దానికి లూటీ అని పేరు పెట్టారు. పొమేరియన్ పూర్వీకులు మాత్రం ఉత్తర ఐరోపాలో కాపలా కాసిన పెద్ద స్పిట్జ్ కుక్కలు. 1888లో ఫ్లారెన్స్ నుంచి విక్టోరియా రాణి తెచ్చుకున్న మార్కో అనే పొమేరియన్ చిన్నది కావడంతో ఆ సైజుకు మోజు పెరిగింది. పెంపకందారులు తరం తరానికీ ఇంకా చిన్న పిల్లలను ఏరి పెంచారు.

1806లో ఏర్పడిన సికింద్రాబాద్ బ్రిటిష్ దండుకు, 1874లో వాడి జంక్షన్ నుంచి వేసిన రైలుమార్గం బొంబాయితో సంబంధం కలిపింది. తాండూరు, ధారూర్, వికారాబాద్ ఆ దారిలోనివే. ఇలా దండులూ రైళ్లూ విస్తరించిన పాలనలో బ్రిటిష్ వాళ్లు భారతదేశానికి తెచ్చిన జర్మన్ స్పిట్జ్ నుంచి ఇక్కడి ఎండకు, తిండికి తట్టుకునే ఇండియన్ స్పిట్జ్ రూపొందింది. మన ఇళ్లలో పొమేరియన్‌గా చలామణి అయిన తెల్ల బొచ్చుకుక్క చాలావరకు ఇదే. విదేశీ కుక్కల దిగుమతి కష్టంగా ఉన్న 1980లు, 90లలో మధ్యతరగతి ఇళ్లలో దీనికి ఆదరణ పెరిగింది. 1994లో వచ్చి, తెలుగులో ‘ప్రేమాలయం’గా అనువాదమైన హిందీ సినిమాలోని టఫీ అనే కుక్క ఆ మోజును ఇంకా పెంచింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటన పగ్‌ను ఇంటింటికీ తెలిసేలా చేసింది. వ్యాపారం కోసం జరిగే పెంపకానికి కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో నిషేధించింది. పెంపకందారులు నమోదు చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నిబంధనలు చెబుతున్నాయి.

ఈ పెంపకం చరిత్రే చిన్న జాతుల గుణాలకు మూలం. స్పిట్జ్ రక్తం ఉన్నది గేటు చప్పుడైతే చాలు మొరుగుతుంది, కొత్తవాళ్లను తొందరగా నమ్మదు. పగ్ నెమ్మదిగా, పిల్లలతో కలివిడిగా ఉంటుంది. చివావా తరచుగా ఒక్క మనిషికే అంటిపెట్టుకుంటుంది. తోడు కోసమే మలిచిన జాతులు కాబట్టి రోజంతా ఒంటరిగా వదిలేస్తే బెంగపడతాయి, ఏకధాటిగా మొరుగుతాయి, వస్తువులు కొరుకుతాయి. చిన్నదే కదా అని కరిచినా నవ్వి ఊరుకుంటే ఆ అలవాటు ముదురుతుంది. మాట వినే శిక్షణ పెద్ద కుక్కకు ఎంత అవసరమో దీనికీ అంతే అవసరం.

చిన్న ఒళ్లు తెచ్చే కష్టాలూ ఉన్నాయి. మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం కుంగడం, పళ్లు పాడవడం వీటిలో ఎక్కువ. అందుకే మెడపట్టీ కన్నా ఛాతీకి కట్టే పట్టీ మేలు. మరీ చిన్న కుక్కపిల్లలకు ఆలస్యంగా తిండి పెడితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ముక్కు చప్పిడిగా ఉన్న పగ్, పెకినీస్‌లకు తెలంగాణ ఎండలు ప్రాణాంతకం కావచ్చు. వేసవిలో వాటిని తెల్లవారుజామునో పొద్దు గూకాకో తిప్పాలి. వీధికుక్కలున్న చోట ఒంటరిగా వదలకూడదు. రేబిస్ టీకా తప్పనిసరి. సరైన పోషణ ఉంటే చాలా చిన్న జాతులు పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. అంతకాలం ఇంట్లో ఎవరో ఒకరు తోడుండగల కుటుంబానికే ఈ కుక్క తగినది.