రాతిపొరలలో ఊళ్ళ పేర్లు

కడప మండలమునందలి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమలను గూర్చి ముచ్చటించువారు సాధారణముగా గండికోట ప్రాభవమునో, ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ళనో, ఆ పట్టణమున బహుకాలము నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యుల పాండిత్యమునో స్మరింతురు. ఆ స్మరణ యుక్తమే. కాని ఈ సీమకు మఱియొక కీర్తి కలదు. అది ఇచ్చటివారికంటె దూరదేశముల పండితులకే ఎక్కువగా తెలియును. భూగర్భశాస్త్రము నభ్యసించువాడు, వాడు కెనడావాడైనను జపానువాడైనను, భారతదేశపు పురాతన శిలలను గూర్చిన అధ్యాయమును తెరచినంతనే వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు, నార్జి అను పేళ్ళను వరుసగా చదువక తప్పదు. మన పల్లెల పేళ్ళు శిలల పేళ్ళైన ఆ చరిత్ర నూటయేబది సంవత్సరములకు మించినది.

నిజాము ఈ ప్రాంతమును 1800లో కుంఫిణీవారికి దత్తము చేసిన పిమ్మట, ఈ దత్తమండలములకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో భూమిని కొలిపించి శిస్తు నిర్ణయించుటకు పూనుకొనెను. ఆ వెనుక సర్వేయరైన కాలిన్ మెకంజీ పక్షమున కావలి లక్ష్మయ్య ప్రభృతులు గ్రామగ్రామమున కరణములను, వృద్ధులను అడిగి కైఫీయత్తులను, అనగా గ్రామవృత్తాంతములను, వ్రాయించిరి. పాలనకై పుట్టిన విచారణలైనను వానియందు ఒక సుగుణము కలదు: ఊరి సంగతి ఊరివానినే అడిగి తెలిసికొనుట. ఇక రాళ్ళవైపు దొరల దృష్టిని మొదట మరల్చినది వజ్రమోహము. కడపకు చేరువను పెన్నయొడ్డున నున్న చెన్నూరు వజ్రపు గనులను బెంజమిను హెయిన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు చూచి, ఆ వృత్తాంతమును 1814లో ప్రకటించిన తన గ్రంథమున చేర్చెను. గులకరాళ్ళు కలిసిన యే పొరయందు వజ్రము దొరకునో, యే పొర వట్టిదో ఆ గనులలో గుంతలు త్రవ్వు కూలివాండ్రకు వంశపరంపరగా తెలియును. హెయిన్ కాని, అతని తరువాత 1840 ప్రాంతముల దక్షిణదేశ శిలలను గూర్చి విరివిగా వ్రాసిన న్యూబోల్డు కాని, ఆ యనుభవమును ఆధారము చేసికొనియే తమ పరిశీలనమును ఆరంభించిరి.

ఈ కథకు నాయకుడు విలియం కింగ్. 1851లో స్థాపితమైన జియలాజికల్ సర్వే శాఖలో ఉద్యోగియై మదరాసు రాజధానిని కాలినడకను, గుఱ్ఱముమీదను గాలించిన ఈయన పేరు, ఇల్లెందు బొగ్గును కనుగొన్న కారణమున, సింగరేణి గనులలోని ఒక బొగ్గుపొరకు నేటికిని నిలిచియున్నది. ఆ బొగ్గు తెచ్చిన ప్రఖ్యాతి యెంతదైనను, నా దృష్టిలో ఆయన మహాకార్యము 1872లో ఆ శాఖవారి గ్రంథమాలయందు ఎనిమిదవ సంపుటముగా వెలువడిన కడప కర్నూలు శిలల వివరణమే. నలుబదినాలుగు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలను, అనగా కృష్ణానది దాపునుండి తిరుపతి కొండల పరిసరముల వరకు అర్ధచంద్రాకృతిని పరచుకొన్న శిలాసముదాయమును, ఏది క్రిందిది, ఏది మీదిది, దేనిపై ఏది పడినది అను క్రమమున ఆయన విభజించి చూపెను. పరికరములు స్వల్పము, వాహనములు లేవు, జీవశేషములైన గవ్వలు, ఎముకలు వంటి గుర్తులు ఈ రాళ్ళలో లేకుండుటచే ఐరోపాలో పనిచేసిన పద్ధతి ఇక్కడ పనిచేయదు. కొండవాలున పొర యేవైపు వంగియున్నదో చూచుట, వాగుకోతలో దాని క్రింది పొరను వెదకుట, పదిమైళ్ళ కావల అదే పొర మరల తలయెత్తినచో గుర్తుపట్టుట, ఇంతియే ఆయన సాధనము. ఆ విభాగక్రమము చిన్నచిన్న సవరణలతో నేటికిని నిలిచియున్నదనిన ఆ చూపు ఎంత నిశితమైనదో గ్రహింపవచ్చును.

ఒక శిల ఎచ్చట స్ఫుటముగా కనబడునో అచ్చటి ఊరి పేరు దానికి పెట్టుట ఆ శాస్త్రజ్ఞుల ఆచారము. కనుక గువ్వలచెరువు కనుమ రాళ్ళకు గుల్చేరు అనియు, వేంపల్లె సున్నపురాళ్ళకు వేంపల్లె అనియు, పులివెందులకు పైనున్న కఠినశిలకు పులివెందుల క్వార్ట్జైటు అనియు పేళ్ళేర్పడినవి. కర్నూలు శిలలను కింగ్ బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు అని నాలుగు వర్గములు చేసెను. గండికోట పేరు పిదపటి పరిశోధకులు చేర్చినది. ఈ ప్రాచీన శిలలకన్నిటికి 20వ శతాబ్ది తొలి దశకమున హాలండు అను అధికారి పురాణవర్గము అని నామకరణము చేసెను. ఆంగ్లగ్రంథములలో ఆ సంస్కృతశబ్దము ఈనాటికిని అటులే నడచుచున్నది.

శిలలు ఉత్తరదిక్కునకు, ఈశాన్యమునకు మెల్లగా వాలియుండుటచే, వేంపల్లె నుండి పులివెందుల మీదుగా జమ్మలమడుగు చేరి ప్రొద్దుటూరి పొలములలో దిగు బాటసారి తెలియకయే కాలమార్గమున పూర్వము నుండి పరమునకు పయనించుచుండును. వేంపల్లె వద్ద సున్నము, మెగ్నీషియము కలిసిన బూడిదవన్నె డోలమైటు. ఆ బండను అడ్డముగా కోసిన చోట్ల ఉల్లిపాయ పొరలవలె ఒకదానిపై నొకటిగా ఒదిగిన సన్నని చారలు, వానియందు చిన్నచిన్న గుమ్మటములవంటి ఉబ్బులు కానవచ్చును. లోతులేని వెచ్చని సముద్రజలములలో సూక్ష్మజీవులు జిగురువంటి చాపలుగా పరచుకొని, వానిపై పడిన సున్నపు రజమును పట్టి, మరల దానిపై నెదిగి, ఇట్లు పొరపొరగా కట్టినవి ఆ గుమ్మటములు. పశుపక్ష్యాదుల మాట యటుంచి, ఆకు అనునదియే లోకమున లేని కాలపు జీవచిహ్నములు! పులివెందుల మిట్టలపై గట్టి క్వార్ట్జైటు ఒకనాటి ఇసుకతీరము. దానిని దాటినచో తాడిపత్రి పేర పరగు పలకరాళ్ళు, వాని నడుమ దూరిన నల్లని అగ్నిశిలలు. మరల గండికోట వద్ద ఎఱ్ఱబారిన ఇసుకశిల; పెన్న దానిని నిట్టనిలువుగా కోసిన లోయయంచుననే పెమ్మసానివారి దుర్గము నిలిచినది. ఆ బండపలకలపై అక్కడక్కడ అలలు తీర్చిన గీతలు నేటికిని చెక్కుచెదరక యున్నవి.

కొండ దిగి జమ్మలమడుగు చేరినంతనే సున్నపురాతి మైదానము. దీనినే శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి యందురు. ప్రజలు నాపరాయి అనియు, దేశమంతట వర్తకులు కడపబండ అనియు పిలుతురు. ఈ రాయి వినా ఇక్కడి జీవనము లేదు. మిద్దెకు కప్పు, పెరటికి నిలువుబండల ప్రహరి, బావికి మెట్లు, వీధికి అరుగు, పశువులకు తొట్టి అన్నియు నాపరాయియే. గనిలో బండ తీయు పనివాడు ముందుగా సుత్తితో రాతిని తట్టి చెవియొగ్గి వినును. ఖంగుమని మ్రోగినచో లోపల బీటలేదు, బోలుగా పలికినచో ఆ రాయి పనికిరాదు. పిదప పొరసందున వరుసగా ఉలులు నిలిపి, ఒక్కొక్కదానిని సమముగా కొంచెము కొంచెము దిగగొట్టుచు పోగా, చాపంత వెడల్పుగల పలక చెదరక పైకి లేచును. ఒక ఉలి ఎక్కువ దిగినచో పలక రెండగును. ఏ పొర అంగుళపు మందమున విడివడునో, ఏది జానెడు మందముగా వచ్చునో, ఏది వానకు పెచ్చులూడునో ఆ పనివానికి కంఠస్థము. ఇది విద్య కాదనుటకు నాకు నోరురాదు. శిల యే తలమున విచ్చుకొనునో కనుగొనుటయే గదా శిలల పొరలను పరిశీలించు స్తరశాస్త్రమునకు మొదటి పాఠము.

ఈ సున్నపురాతినే నీరు లక్షల ఏండ్లు కరగించి తొలిచినచోట పొరుగు మండలమున బేలం గుహలు ఏర్పడినవి. 1884లో రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని పేర్కొనగా, 1982, 83 సంవత్సరములలో డానియెల్ గెబౌయర్ నాయకత్వమున జర్మనీ బృందమువారు లోపల ప్రాకి కొలిచి పటము గీసిరి. తెలిసినంతవరకు ఆ సొరంగముల పొడవు 3,229 మీటర్లు. ఎఱ్ఱగుంట్ల, చిలమకూరు సిమెంటు కర్మాగారములు వెలసినదియు ఈ రాతి బలిమిచేతనే.

పులివెందుల వైపున మఱియొక విధమైన నిక్షేపములు. సున్నపుశిలలోనికి కాగిన అగ్నిశిల చొచ్చుకొనివచ్చినపుడు ఆ వేడికి అంచున మెగ్నీషియము కలిసిన రాయి మార్పుచెంది, పట్టునూలువలె మెఱయు రాతినారగా పేరుకొనెను. బ్రాహ్మణపల్లె పరిసరముల దీనిని త్రవ్వితీసిరి. ఎ. ఎల్. కూల్సను అను శాస్త్రజ్ఞుడు దత్తమండలముల ముగ్గురాతిని గూర్చి 1933లోను, రాతినారను గూర్చి 1934లోను రెండు ప్రత్యేక గ్రంథములు ప్రకటించెను. ఇంటిముంగిట ముగ్గుపిండికై దంచిన ఆ తెల్లరాయి, బరువైనదగుటచే చమురుబావుల త్రవ్వకమునకు లోకమంతట కావలసివచ్చినది. రాతినార దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేయునని వైద్యశాస్త్రము నిర్ధారించుటచే ఆ పని సన్నగిల్లినది. ఆ గనులలో తగిన రక్షణ లేక దుమ్ము పీల్చిన కూలివాండ్రను తలచికొనకుండ ఈ శాస్త్రచరిత్రను వ్రాయుట న్యాయము కాదు.

ఇంత విజ్ఞానము ఈ నేల నుండి వెలువడగా, ఈ నేలమీది బాలురకు అందినదెంత? ఈ ప్రశ్నకు కొంత పూర్వకథ అవసరము. 1822లో గవర్నరు మన్రో దేశీయ విద్యాస్థితిని విచారింపుడని కలెక్టర్ల నాదేశించెను. 1825లో కడపనుండి వెళ్ళిన ప్రత్యుత్తరమున, ప్రజాధనముతో నడచు కళాశాలలు లేకున్నను బ్రాహ్మణులు తమ యిండ్లలో ఉచితముగా విద్య చెప్పుచున్నారనియు, పొరుగూళ్ళ బ్రాహ్మణ బాలురు పది మొదలు పదునారేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి వారికడ చేరి చుట్టుపట్ల పల్లెలలో భిక్షతో పొట్టపోసికొని చదువుచున్నారనియు వ్రాయబడియున్నది. పొరుగు బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్, తెలుగు వ్యాకరణము, నిఘంటువు కూర్చిన పండితుడు, 1823లో పంపిన నివేదికయందు వీథిబడుల పొదుపును, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని మెచ్చుకొనుచు, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిన బాలురు అర్థము తెలియని భాషలో పద్యములు వల్లించుట తప్ప ఎఱుగకున్నారని వాపోయెను. ఆ మాట చదివినపుడెల్ల నాకు కింగ్ గ్రంథము జ్ఞప్తికి వచ్చును. తన పాదముల క్రింది రాతి చరిత్రయే ఆ బాలునికి తెలియని మఱియొక భాషలో అచ్చుపడి, మదరాసు కలకత్తా గ్రంథాలయములలో ఒదిగిపోయెను. ఇసుకను విడిచిన పిమ్మట తెలుగుపిల్లలు అక్షరములు దిద్దుకొన్న మార్కాపురపు పలక సయితము ఈ కడప శిలాసముదాయమునకు చెందినదే, నల్లమల వర్గపు రాయి. కాని ఆ పలకపై ఆ రాతికథను వ్రాయించిన గురువులు అరుదు.

తెలుగున శాస్త్రము చెప్పవలెనను సంకల్పము లేకపోలేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రగ్రంథములను ప్రచురించిరి. 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున సి. మహాదేవన్ భూగర్భశాస్త్రశాఖకు పునాదివేసిరి; 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1968లో కళాశాలలకు తెలుగు పాఠ్యపుస్తకములు సమకూర్చుటకై తెలుగు అకాడమీ ఏర్పడినవి. 2006లో కడపలో యోగివేమన విశ్వవిద్యాలయమును, పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలయు, 2008లో ఇడుపులపాయలో త్రిపుల్ ఐటీయు వెలసినవి. ఇడుపులపాయ విద్యార్థి వసతిగృహమునుండి తరగతికి నడచునది వేంపల్లె శిలల సీమలోనే.

ఇంతలో పరిశోధన ఆగలేదు. పులివెందుల చెంతనున్న నల్లని అగ్నిశిలలో కంటికానని బాడెలియైటు అను ఖనిజపు కణికలు కలవు. వానియందలి యురేనియము నియతగతిని సీసముగా మారుచుండును గావున, ఆ రెండింటి పాళ్ళను కొలిచి శిల వయస్సును గణింపవచ్చును. అట్లు గణించి 2008లో ప్రకటించిన లెక్క 188 కోట్ల 50 లక్షల సంవత్సరములు. కింగ్ ఏది ముందు, ఏది వెనుక అని మాత్రమే చెప్పగలిగెను. ఎన్నియేండ్లు అను ప్రశ్నకు పులివెందుల రాయియే సమాధానమిచ్చెను. జమ్మలమడుగు వర్గపు వయస్సుపై మాత్రము వాదములు ఇంకను తెగలేదు.

ఆ యురేనియమే పులివెందుల దాపున నున్న తుమ్మలపల్లె వద్ద వేంపల్లె డోలమైటులో పొరగా చిక్కినది. సున్నపుశిల ఆమ్లమును త్రాగివేయును కనుక అక్కడ క్షారద్రావణముతో ఒత్తిడియందు లోహమును రాబట్టు పద్ధతిని అనుసరించిరి. 2012 ప్రాంతమున గని, కర్మాగారము పనికెక్కినవి. తీసిన పిమ్మట మిగిలిన మడ్డిని నింపు చెఱువు దాపున నున్న రైతులు తమ బోరునీరు, అరటితోటలు చెడుచున్నవని విన్నవించుకొనుచున్నారు. నీరు రాతిబీటలలో ఎటు ప్రవహించునో, దానిలో ఏమి కలియునో తేల్చుట భూగర్భశాస్త్రపు పనియే. ఆ పరీక్షల ఫలితములు ఆంగ్లపు పట్టికలుగా మాత్రమే మిగులక, ఏ బోరులో ఏ లవణమెంత యున్నది, ఆ నీటిని త్రాగవచ్చునా, తోటకు పారింపవచ్చునా అను మాటలు తెలుగున వ్రాసి, ఏటేట ఆయా పంచాయతీ కచేరీల గోడలపై అంటింపవలెను.