తెరచాప పడవలో ఐసుపెట్టె

చిన్న తెరచాప పడవల వంటగదిలో పాలు, మాంసం, చేపలు, వండిన పదార్థాలు చెడిపోకుండా నిల్వ చేయుటకు అమర్చే, ఉష్ణబంధక గోడలు గల పెట్టెను ఐసుపెట్టె అంటారు. 8 నుండి 12 మీటర్ల పొడవు గల పడవలలో ఇది సాధారణంగా వంటబల్ల కింద, పడవలో భాగంగానే నిర్మించబడి ఉంటుంది. దీని మూత పైకి తెరుచుకుంటుంది. కొన్నిటిలో మంచుగడ్డలు వేస్తారు, కొన్నిటిలో బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు ఉంటుంది. ఏ పద్ధతి అయినా పెట్టె గోడలు సరిగా లేనిచో ప్రయోజనం ఉండదు.

చరిత్ర

తెరచాప ఓడలో మంచును నిలువ ఉంచడం పాత విద్యయే. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1806లో మార్టినిక్ దీవికి మంచు పంపాడు. 1833లో టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలల ప్రయాణం తరువాత సుమారు 100 టన్నులను కలకత్తాకు చేర్చింది. ఈ వ్యాపారంలో ఉష్ణబంధకంగా వాడినది రంపపు పొట్టు. మద్రాసులో ఈ మంచు నిల్వకు 1842లో కట్టిన ఐస్ హౌస్ మెరీనా తీరాన నేటికీ ఉన్నది. 1897లో వివేకానందుడు బస చేసిన ఈ భవనాన్ని ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటారు.

గోడల మందం

ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి (గ్రాముకు సుమారు 80 కేలరీలు). దీనినే ద్రవీభవన గుప్తోష్ణం అంటారు. కనుక లోపలికి ఎంత వేడి చొరబడుతుందో తెలిస్తే రోజుకు ఎంత మంచు కరుగుతుందో లెక్క కట్టవచ్చును.

ఉదాహరణకు 100 లీటర్ల ఘనాకార పెట్టెకు 5 సెంటీమీటర్ల పాలీయురెథేన్ నురుగు ఉన్నదనుకుందాం. బయట 30 డిగ్రీలు, లోపల 4 డిగ్రీల సెల్సియస్ ఉంటే, గోడల గుండా సుమారు 21 వాట్ల వేడి వస్తుంది. అనగా రోజుకు 5 కిలోలకు పైగా మంచు ఖర్చు. అదే పెట్టెకు లోపలివైపు మరో 5 సెంటీమీటర్లు చేర్చితే ఖర్చు రోజుకు 2 కిలోల చిల్లరకు తగ్గుతుంది. 15 కిలోల మంచు మూడు రోజులకు బదులు దాదాపు వారం వస్తుంది. అయితే పెట్టెలో మిగిలే చోటు సుమారు 48 లీటర్లే. ఈ బేరం చాలామందికి రుచించదు గానీ, మూడు రోజులకే చెడిపోయే 100 లీటర్ల కంటె వారం నిలిచే 48 లీటర్లు దూరప్రయాణానికి మేలు. వారాంతపు విహారానికి మాత్రం ఈ శ్రమ దండుగ.

బయటివైపు ఖాళీ ఉంటే అక్కడ నింపడం ఉత్తమం, ముఖ్యంగా ఇంజను గదిని ఆనుకున్న గోడకు. రెండు ద్రవాలు కలిపి పోసే నురుగు విపరీతంగా ఉబ్బుతుంది. ఒకేసారి పోస్తే గోడలనే వంచివేస్తుంది గనుక కొంచెం కొంచెంగా పోయాలి. దాని ఆవిరులు ఊపిరితిత్తులకు హానికరం.

పాత పడవలలో నురుగు తడిసి ఉండడం తరచుగా కనిపించే లోపం. గాలిలోని తేమ వెచ్చని వైపు నుండి చల్లని వైపుకు పోయి నురుగులో నీరుగా మారుతుంది. తడిసిన నురుగు వేడిని ఆపదు. అందువలన తేమను అడ్డుకునే పొరను నురుగుకు బయటివైపున, అంటే వెచ్చని వైపున వేయాలి.

మూత, నీటి గొట్టం

చల్లని గాలి బరువైనది. పక్కకు తెరుచుకునే తలుపు తీయగానే అది జారిపోతుంది. పైమూత పెట్టెలో ఈ నష్టం తక్కువ, కాకపోతే కావలసిన వస్తువు ఎప్పుడూ అడుగునే ఉంటుంది! బుట్టలలో సర్దుకుంటే వెదకులాట తగ్గుతుంది. మూతకు కూడా గోడలంత మందం, చుట్టూ రబ్బరు పట్టీ ఉండాలి.

కరిగిన నీరు పోయే గొట్టాన్ని వంపు లేకుండా వదిలితే చల్లగాలి దాని గుండా కారిపోతుంది. యు-ఆకారపు వంపులో నీరు నిలిచి దీనిని ఆపుతుంది. ఆ నీటిని పడవ అడుగుకు వదిలితే దుర్వాసన పడుతుంది కనుక ప్రత్యేక డబ్బాలోకి పట్టాలి. సున్నా డిగ్రీల నీరు 4 డిగ్రీలకు వేడెక్కడంలో పీల్చుకునే వేడి, మంచు కరగడంలో పీల్చుకునే దానిలో ఇరవయ్యో వంతు మాత్రమే. కాబట్టి దానిని పారబోసినందువల్ల పెద్దగా నష్టం లేదు. ఆహారం తడవకపోవడమే ముఖ్యం.

మంచు వాడకం

30 డిగ్రీల వద్దనున్న 10 కిలోల నీటి సీసాలను 4 డిగ్రీలకు తెచ్చేందుకే 3 కిలోలకు పైగా మంచు ఖర్చవుతుంది. కావున ప్రతి వస్తువును ఒడ్డుననే చల్లబరచి తేవాలి. పెట్టెను సైతం ముందురోజే కొంత మంచు వేసి చల్లబరచుట మంచిది. పెద్ద దిమ్మె ముక్కల కంటె నెమ్మదిగా కరుగుతుంది.

పొడి మంచు (ఘన కార్బన్ డయాక్సైడ్) సుమారు మైనస్ 78 డిగ్రీల వద్ద ఉంటుంది. ఇది కరగకుండా నేరుగా వాయువుగా మారుతుంది. ఆ వాయువు గాలికంటె బరువైనది, మూసిన గదిలో అడుగున చేరి నిద్రించే వారి ప్రాణానికే ముప్పు తేగలదు. మూసిన గదిలో మనుషులు పడుకునే చిన్న పడవలో దీనిని వాడరాదు.

కంప్రెసరు

12 వోల్టుల చిన్న కంప్రెసర్లలో డాన్‌ఫాస్ సంస్థ బీడీ శ్రేణి పేరుపొందినది. 2010 నుండి ఇవి సీకాప్ పేరుతో వస్తున్నాయి. నడిచేటపుడు 4 ఆంపియర్లు తీసుకునే కంప్రెసరు రోజులో సగం సేపు నడిస్తే 48 ఆంపియర్-గంటలు కావాలి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుచేత 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక్క రోజుకే సరిపోతుంది. సౌరఫలకాలు కొనే ముందు గోడల మందం పెంచితే తక్కువ ఫలకాలతో సరిపోవచ్చును. పెల్టియర్ ప్రభావంతో పనిచేసే చవక పెట్టెలు ఇంతకంటె ఎక్కువ విద్యుత్తు తింటాయి, ఉష్ణమండల వేడిలో తగినంత చల్లబరచలేవు.

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, మూత తీయని డబ్బా ఆహారాలు ఐసుపెట్టెలో పెట్టనవసరం లేదు.