షాఫ్టు మీద వంపెంత, మెలెంత?

ఫ్రెంచివారు 1723లో తొలిసారి స్థావరం వేసుకున్న యానాం దగ్గర గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోతుంది. ఆ పాయ మీది కోరంగిలో 1802లో ఎబెనేజర్ రోబక్ ఓడల డాకు కట్టించాడు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకూ ట్రింకోమలికీ మధ్య పెద్ద ఓడను డాకులోకి ఎక్కించి బాగుచేయగల చోటు ఇదే. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు, ఆపైన ఇసుక మేటలు ఆ వైభవాన్ని తుడిచేశాయి. కోరంగి కథను సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. నా దృష్టిలో ఇంకో మలుపు ఉంది. ఓడను నడిపే పని తెరచాప కొయ్య నుంచి ఇంజను షాఫ్టుకు మారినప్పుడు, ఎంత నేర్పున్న చేతికైనా తెలియని ప్రశ్న ఒకటి పుట్టింది: ఈ కడ్డీ మీద వంపెంత, మెలెంత?

లెక్కలు లేకుండానే మన వడ్రంగులు బంగాళాఖాతం దాటే నావలు కట్టారు కదా, కొలత ఎందుకని అడగవచ్చు. నిజమే, వారి పనితనాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే తెరచాప కొయ్య తిరగదు. గాలికి వంగుతుంది, గాలి తగ్గితే నిలబడుతుంది. విరిగే ముందు చాలాసార్లు కిర్రుమంటుంది, పగులు చూపిస్తుంది. షాఫ్టు అలా కాదు. కాస్త వంగి తిరిగే షాఫ్టులో, ఒక గీత మీది లోహం అర చుట్టులో సాగుతుంది, మిగతా అర చుట్టులో నొక్కుకుంటుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే గంటకు 60,000 సార్లు ఇదే జరుగుతుంది. ఒక్కసారికి ఏమీ చేయని బరువే లక్షలసార్లకు ఉక్కును చీలుస్తుంది. పైకి చప్పుడు ఉండదు.

ఈ నిజాన్ని నిలబెట్టింది రైలు ఇరుసులు. జర్మనీలో ఆగస్ట్ వోలర్, నడుస్తున్న రైలుబండి ఇరుసు ఎంత వంగుతోందో, ఎంత మెలితిరుగుతోందో తన పరికరాలతో కొలిచి, ఆ నివేదికలను 1858, 1860లలో ప్రకటించాడు. మెలి సూత్రం అంతకుముందే ఉంది: 1784లో ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ లోహపు తీగలతో దాన్ని రాబట్టాడు. లోహపు తీగ సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుందని 1856లో కెల్విన్ చూపాడు. ఆ గుణంతోనే 1938లో అమెరికాలో సిమ్మన్స్, రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా స్ట్రెయిన్ గేజ్ తయారుచేశారు. సన్నటి తీగను షాఫ్టుకు అతికిస్తే లోహంతోపాటు అదీ సాగుతుంది. అసలు తెలివి అతికించే దిక్కులో ఉంది. షాఫ్టు పొడవునా, ఎదురెదురుగా రెండు గేజ్‌లు పెడితే, వాటి తేడాలో సగం ఆ దిక్కులో వంపు. వాటి సగటు ప్రొపెల్లర్ తోపుది. పొడవుకు 45 డిగ్రీల ఏటవాలుగా, రెండు దిక్కులా పెడితే మెలికి ఒకటి సాగుతుంది, ఇంకొకటి కుదించుకుంటుంది. ఎదురు పక్కనా అలాంటి జతే పెట్టి తీగలను తగినట్టు కలిపితే వంపు తనంతట తానే రద్దై మెలి ఒక్కటే మిగులుతుంది.

మెలిని ఇంజను హార్స్‌పవర్, వేగం నుంచి లెక్కగట్టవచ్చు కదా, ఇంత శ్రమ దేనికని మరో అభ్యంతరం. మెలి వరకు ఆ మాట చాలావరకు నిజం. వంపు మాత్రం ఇంజను నుంచి రాదు. అది పడవ ఒడలి నుంచి వస్తుంది. బరువెక్కినా, నీళ్లు పీల్చి చెక్క ఉబ్బినా, మొగలోని ఇసుక దిబ్బకు అడుగు తగిలినా ఒడలు కదులుతుంది. షాఫ్టును మోసే బేరింగులు వరుస తప్పుతాయి. ఇంజను పలక మీద ఏ అంకె చూసినా ఇది తెలియదు. పైగా రెండింటి మందు వేరు. షాఫ్టు మందం రెట్టింపు చేస్తే మెలి ఒత్తిడి ఎనిమిదో వంతుకు దిగుతుంది. బేరింగుల వరుస తప్పి వంగే షాఫ్టును లావు చేస్తే మాత్రం, అదే వంపుకు దాని పైపొర మరింత సాగుతుంది, జబ్బు ముదురుతుంది. అందుకే ఈ డెల్టాలో పడవ నడిపేవారికి, బాగుచేసేవారికి నా విన్నపం: షాఫ్టు విరిగితే ఇంకా లావుది వేయించే ముందు బేరింగుల వరుస చూపించుకోండి, వీలైతే వంపు కొలిపించండి.